చెట్ల గింజలు వేలల్లో చల్లాలంటే: బంతి చుట్టే ముందు చేసుకోవాల్సిన పని



పై వీడియోలో విత్తన బంతులు ఎలా చుట్టాలో చేతులతో చూపించాను. కానీ వీడియోలో కనపడేది ఆఖరి పని మాత్రమే. అసలు పనంతా అంతకు ముందే ఉంటుంది. ఏ గింజ ఎప్పుడు ఏరాలి, అది ఎన్నాళ్ళు బతుకుతుంది, దేన్ని నానబెట్టాలి, దేన్ని నానబెట్టకూడదు, మట్టి ఎలాంటిది కావాలి? ఇవి తెలియక నేను ఒక ఏడాది మొత్తం పోగొట్టుకున్నాను. నాతో పాటు పది మంది కష్టం కూడా పోయింది. మీకు అలా జరగకూడదని కొలతలతో సహా రాస్తున్నాను. కొంచెం పెద్దగానే ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

నాకీ పని ఎందుకు వచ్చింది

మేముండేది తాడేపల్లిలో. చేను తాడికొండ వైపు, నాలుగెకరాల నల్లరేగడి. పత్తి, మిర్చి. మా నాన్న చేసేటప్పుడు చేను చుట్టూ పదకొండు వేపచెట్లు, రెండు కానుగలు, డొంక మొదట్లో ఒక చింతచెట్టు ఉండేవి. నీడకి పత్తి ఎదగట్లేదని, ట్రాక్టరు తిరగట్లేదని ఒక్కొక్కటే కొట్టేశాం. ఆఖరి వేపచెట్టు కొట్టించింది నేనే. ఆ రోజు బాధేమీ పడలేదు, రెండు సాళ్ళు ఎక్కువొస్తాయనుకున్నాను.

2021-22లో మన మిర్చి మీద నల్ల తామర పురుగు పడింది గుర్తుందిగా. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పూత నిలవలేదు. అప్పటికే నేను మందులు మానేసి ఘనజీవామృతం, ద్రవజీవామృతం మీద నడుస్తున్నాను. వేపగింజల కషాయం కొట్టాలి, దశపర్ణి కాయాలి. వాటికి వేపగింజ కావాలి, కానుగాకు కావాలి, సీతాఫలం ఆకు కావాలి. పదకొండు వేపచెట్లు ఉన్న చేను మాది, వేపగింజల కోసం డబ్బులు పట్టుకుని గుంటూరు పోయాను. తెచ్చినవి పాత గింజలు, సగం బూజు పట్టి ఉన్నాయి.

గట్టు మీద చెట్టు లేకుండా ప్రకృతి వ్యవసాయం ఎన్నాళ్ళు చేస్తాం? కషాయానికి ఆకు, ఆచ్ఛాదనకి రొట్ట, పురుగుని ఏరుకు తినే పిట్టలకి కొమ్మ, ఎండాకాలం గొడ్డుకి నీడ. అన్నీ బజారులో కొంటే అది పెట్టుబడి లేని సేద్యం ఎలా అవుతుంది? అందుకే మా చేను, పక్క చేలు, డొంక, కాలవ కట్ట కలిపి చెట్లు పెంచాలనుకున్నాం.

మొదటి ఏడాది ఏం జరిగింది

మా వీధిలో ఆడవాళ్ళు, పిల్లలు కలిసి ఎనిమిది వేల బంతులు చుట్టారు. డెబ్బై దాటిన పెద్దమ్మ ఒకావిడ రోజూ మధ్యాహ్నం అన్నం తిని వచ్చి సాయంత్రం దాకా కూర్చునేది. నేనేం చేశానంటే, మొలక తొందరగా వస్తుందని చింత, రేల గింజల మీద మరిగిన నీళ్ళు పోసి రాత్రంతా నానబెట్టి ఇచ్చాను. వేపగింజలు కిందటేడాది మిగిలినవి వాడాను. మట్టి మా చేలోదే, అచ్చమైన నల్లరేగడి. ఆరీ ఆరకముందే ఇంట్లో ఉన్న పాత యూరియా సంచుల్లో పోసి మూతి కట్టాను. వాన కోసం ఇరవై రోజులు చూశాం.

సంచి విప్పితే కంపు కొట్టింది. నానిన గింజలు లోపలే మొలకెత్తి, ఆ మొలకలు కుళ్ళిపోయాయి. సగం బంతులు పగిలి పొడి అయ్యాయి. మిగిలినవి చల్లాం గానీ వేప ఒక్కటీ మొలవలేదు. దసరాకి పెద్దమ్మ కనపడి "ఏం నాయనా, మన ఉండలు మొలిచినయ్యా?" అని అడిగింది. ఏదో చెప్పి తప్పించుకున్నాను. ఆ తర్వాతే కూర్చుని నేర్చుకోవడం మొదలుపెట్టాను.

ఈ పని కొత్తదేం కాదు

మట్టి ఉండలో గింజ పెట్టి చల్లడం మనకి ఫుకువోకా గారి వల్ల బాగా తెలిసింది. జపాన్‌లో షికోకు దీవి రైతు మసనోబు ఫుకువోకా. 1975లో వచ్చిన ఆయన పుస్తకం మనకి 'గడ్డిపరకతో విప్లవం' పేరుతో తెలుసు. పిట్టలు, ఎలుకలు తినకుండా ఆయన వరి గింజలకి బంకమట్టి పట్టించి చల్లేవాడు. జపాన్‌లో వాటిని నెందో దాంగో అంటారు, అంటే మట్టి ఉండలు. తర్వాత బీడు భూముల్లో చెట్ల గింజలకి కూడా అదే పద్ధతి చెప్పాడు.

మన పక్కనే ఖమ్మం జిల్లా రెడ్డిపల్లిలో వనజీవి రామయ్య గారు బంతులూ గింతులూ లేకుండానే జీవితమంతా గింజలు ఏరి, ఎండబెట్టి, సంచిలో వేసుకుని సైకిలు మీద తిరిగి రోడ్ల పక్కన, కాలవ గట్ల మీద నాటారు. 2017లో పద్మశ్రీ ఇచ్చారు, 2025 ఏప్రిల్‌లో కన్నుమూశారు. ఆయన దగ్గర నేర్చుకోవాల్సింది గింజ ఏరే ఓపిక. సీజన్ వచ్చిందంటే ఆ చెట్టు కింద ఉండాల్సిందే.

2021లో మహబూబ్‌నగర్ జిల్లాలో మహిళా సంఘాల వాళ్ళు రెండు కోట్లకు పైగా విత్తన బంతులు చేశారు, గిన్నిస్ రికార్డూ కొట్టారు. అంటే పెద్ద ఎత్తున చేయడం మన ఆడవాళ్ళకి కష్టమేం కాదని తేలిపోయింది. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి. చుట్టిన బంతుల లెక్క వేరు, రెండో ఎండాకాలం దాటిన మొక్కల లెక్క వేరు. మనకి కావాల్సింది రెండో లెక్క.

మనం నవధాన్య గింజలకి మట్టి, బూడిద, ఘనజీవామృతం పట్టించి పీఎండీఎస్ వేస్తున్నాం కదా, చెట్ల గింజ కూడా అంతేగా అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. జొన్న, పెసర, అలసంద గింజలు తడి తగిలితే మూడో రోజుకి లేస్తాయి. చెట్ల గింజలు అలా కావు. ఒక్కో దానికి ఒక్కో స్వభావం. అది తెలుసుకుంటే పని సగం అయిపోయినట్టే.

గింజల్లో మూడు రకాలు

ఒకటో రకం, తొందరగా చచ్చిపోయే గింజలు. వేప, నేరేడు, ఇప్ప. ఇవి వానాకాలం మొదట్లో పండి, రాలి, ఆ వానకే మొలవాల్సిన గింజలు. దాచుకోవడానికి పనికిరావు. వేపగింజ రాలిన రెండు మూడు వారాలకే మొలకశక్తి పడిపోవడం మొదలవుతుంది. నేరేడు అయితే గింజలో తడి ఆరితేనే పోతుంది. నేను కిందటేడాది వేపగింజ వాడానని చెప్పాను కదా, అది చచ్చిన గింజని మట్టిలో చుట్టడమే.

రెండో రకం, గట్టి పెంకు గింజలు. రేల, చింత, నల్లతుమ్మ, దిరిసెన. బాగా ఎండితే ఏళ్ళ తరబడి చావవు. పెంకు నీళ్ళని లోపలికి పోనివ్వదు. అడవిలో అయితే ఏ మేకో, ఎలుగుబంటో తిని పెంటికలో వేస్తే, లేదా ఎండకీ వానకీ పెంకు అరిగితే అప్పుడు మొలుస్తాయి. మనం చేయాల్సింది ఆ పెంకుని కొంచెం అరగదీయడమే.

మూడో రకం, మధ్యస్థం. కానుగ, సీమచింత, మోదుగ. వీటికి ఏ వైద్యమూ అక్కర్లేదు. ఆ సీజన్‌లో ఏరినవి ఆ వానాకాలానికే వాడేయాలి.

ఇవి కాక సొంత లెక్క ఉన్నవి కొన్ని. సీతాఫలం గింజ తీసిన వెంటనే మొలవదు, నిద్రలో ఉంటుంది. ఆశ్వయుజ, కార్తీక మాసాల్లో తిన్న కాయల గింజలు కడిగి ఆరబెట్టి దాచుకుంటే వచ్చే జూన్‌కి పనికొస్తాయి. చల్లాక కూడా నెలా రెండు నెలలు పడుతుంది, కంగారు పడొద్దు. ఉసిరికి కాయలోని గట్టి టెంక ఎండలో పెడితే అదే పగులుతుంది, అందులో ఉన్న చిన్న గింజలు వాడాలి. టేకు కాయని ఒక రోజు నానబెట్టి ఒక రోజు ఎండబెట్టడం వారం పదిరోజులు చేయాలి. తాటి టెంకకి అసలు బంతే వద్దు. ముంజెలు తినకుండా వదిలేసిన గెలలు పండి రాలాక టెంకలు ఏరి, కాలవ కట్టన జానెడు గొయ్యి తీసి పూడ్చండి. దాని మొలక ముందు కిందకే దిగుతుంది, తేగ అదేగా. పైన ఆకు కనపడలేదని తవ్వి చూడకండి.

మర్రి, రావి, మేడి గింజలు నలుసంత ఉంటాయి, పిట్ట కడుపులో నుంచి వస్తేనే బాగా మొలుస్తాయి. వాటిని పిట్టలకే వదిలేద్దాం. కాకపోతే పాత గోడల మీద మొలిచినవి జాగ్రత్తగా పెకలించి గట్టున పెట్టుకోవచ్చు.

ఎక్కడ ఏరాలి, ఎలా ఏరాలి

చేలల్లో చెట్లు పోయాయి గానీ ఊళ్ళల్లో ఇంకా ఉన్నాయి. మా తాడేపల్లి, సీతానగరం, ఉండవల్లి వైపు గుళ్ళల్లో, బడి ఆవరణల్లో, పాత ఇళ్ళ ముందు, కరకట్ట వెంట మంచి వేపలు, కానుగలు ఉన్నాయి. అపార్టుమెంట్లు లేచే కొద్దీ తగ్గిపోతున్నాయి కాబట్టి ఉన్నప్పుడే ఏరుకోవాలి. ఊడ్చేవాళ్ళకి ముందే ఒక మాట చెబితే వాళ్ళే ఒక పక్కన పోసి పెడతారు.

ఒకే చెట్టు కింద సంచి నింపొద్దు. పది పదిహేను చెట్ల నుంచి తలా కొంచెం తీసుకోండి. అన్నీ ఒక్క తల్లి పిల్లలే అయితే ఒక తెగులుకి అన్నీ పోతాయి. చెట్టు నిటారుగా, ఆరోగ్యంగా, బాగా కాసేదై ఉండాలి. అన్నీ ఊడ్చుకురాకుండా పిట్టలకీ ఉడతలకీ కొంత వదిలేయండి.

వేపపండు పసుపు పచ్చగా మారినప్పుడు ఏరాలి. గుజ్జు ఉంచితే పులిసి గింజ ఉడికిపోతుంది. ఆ రోజే నీళ్ళల్లో పిసికి, గుజ్జు కడిగేసి, నీడలో గోనెపట్టా మీద రెండు మూడు రోజులు ఆరబెట్టండి. మండుటెండలో వద్దు. కాకులు వాలే చెట్ల కింద అవి తిని ఊసేసిన గింజలు శుభ్రంగా దొరుకుతాయి, అవి ఇంకా తేలిక.

నల్లతుమ్మకి అయితే మేకల దొడ్డికి వెళ్ళండి. కాయలు తిన్న మేకలు రాత్రి నెమరేసేటప్పుడు ఊసే గింజలు, పెంటికల్లో వచ్చే గింజలు దొడ్డి ఊడిస్తే దొరుకుతాయి. పెంకు వైద్యం మేక కడుపులోనే అయిపోయి ఉంటుంది. దీనికి మించిన పద్ధతి నాకు దొరకలేదు.

బతికున్నాయో లేదో చూడండి

బంతి చుట్టే ముందు ఈ పరీక్ష తప్పనిసరి. కలిపి ఉన్న రాశిలో నుంచి చూడకుండా ఇరవై గింజలు తీసి అడ్డంగా కోయండి. వేపగింజ లోపల పచ్చగా ఉంటే బతికున్నట్టు, గోధుమ రంగుకి తిరిగితే పోయినట్టు. చింత, కానుగ గింజల పప్పు గట్టిగా, తెల్లగా లేక లేత రంగులో ఉండాలి. ఇరవైలో పదిహేను బాగుంటే ముందుకి వెళ్ళండి. పది కూడా లేకపోతే ఆ రాశి కషాయానికి వాడుకోండి.

బరువైన గింజలైతే నీళ్ళల్లో వేసి తేలినవి తీసేయొచ్చు. పురుగు తొలిచినవి ఎక్కువగా తేలతాయి. చూసిన వెంటనే ఆరబెట్టేయాలి సుమా, నానబెట్టి మర్చిపోకూడదు.

పెంకు అరగదీయడం: నానబెట్టాలా వద్దా?

నేను చేసిన పెద్ద తప్పు ఇక్కడే, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

వేడినీళ్ళ పద్ధతి అందరికీ తెలుసు. నీళ్ళు మరిగించి పొయ్యి దించి, రేల అయితే వెంటనే, తుమ్మ, దిరిసెన అయితే కొన్ని నిమిషాలు ఆగి, గింజలకి నాలుగైదింతల నీళ్ళు పోసి, అవి చల్లారాక రాత్రంతా ఉంచుతారు. పొద్దునకి గింజ ఉబ్బుతుంది. ఈ పద్ధతి మంచిదే. కానీ ఉబ్బిన గింజ లోపల మొలక పని మొదలైపోయింది. దాన్ని ఆ రోజే తడి నేలలో పెట్టాలి. బంతిలో పెట్టి ఆరబెడితే చస్తుంది, ఆరకుండా ఉంచితే కుళ్ళుతుంది. కాబట్టి వేడినీళ్ళు నేరుగా నాటేవాళ్ళకే, బంతులకి కాదు.

బంతులకి పొడి పద్ధతి వాడండి. గింజలు, గరుకు ఇసుక సమానంగా కలిపి గోనెసంచిలో పోసి, గచ్చు మీద కాలితో బాగా రుద్దండి. లేదా రోట్లో ఇసుకతో మెల్లగా దంచండి, గింజ పగలకూడదు, నిగనిగ పోవాలి అంతే. ఎక్కువ గింజలుంటే కాంక్రీటు కలిపే మిల్లరులో కంకరపొడితో అరగంట తిప్పితే సరిపోతుంది. తర్వాత ఇరవై గింజలు రాత్రి నీళ్ళల్లో వేసి చూడండి. పొద్దునకి సగానికి పైగా ఉబ్బితే చాలు. మిగతావి పొడిగానే బంతిలోకి పోతాయి, వాన పడ్డప్పుడే నీళ్ళు తాగుతాయి.

ఇంకో మాట. అన్ని గింజలకీ పెంకు అరగదీయకండి. సగానికే చేయండి, సగం అలాగే వదిలేయండి. మన దగ్గర జూన్‌లో ఒక వాన పడి ఇరవై రోజులు మొహం చాటేయడం మామూలే. అరగదీసినవన్నీ ఆ వానకి లేచి ఎండకి మాడిపోతే, అరగదీయనివి మట్టిలో పడుకుని ఆగస్టు వానకో, వచ్చే ఏడాదికో లేస్తాయి. గట్టి పెంకు గింజకి దేవుడిచ్చిన తెలివి అది, మనం పూర్తిగా తీసేయకూడదు.

మట్టి కలపడం

మన నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుని నెర్రెలిస్తుంది. చేలో నెర్రెలు చూస్తూనే ఉంటాం కదా, బంతిలోనూ అంతే. అచ్చం రేగడితో చేస్తే మూడో రోజుకి రెండు ముక్కలు. అందుకని ఇలా కలపండి:

ఎర్రమట్టి 3 తట్టలు
నల్లరేగడి లేదా చెరువు పూడిక మట్టి 2 తట్టలు
ఎండిన ఘనజీవామృతం, జల్లించినది 2 తట్టలు
కట్టెల బూడిద 2 దోసిళ్ళు

పుట్టమన్ను దొరికితే ఎర్రమట్టి బదులు ఒక తట్ట కలపొచ్చు, బంక బాగుంటుంది. పచ్చిపేడ వద్దు, వేడి పుట్టి బూజు పడుతుంది. అన్నీ జల్లెడ పట్టి, పొడిగా కలిపి, ఆ తర్వాత నీళ్ళ బదులు పలచని బీజామృతం చిలకరించుకుంటూ చపాతీ పిండిలా కలపాలి. పిడికిలి పట్టి నొక్కితే వేళ్ళ మధ్య నీరు కారకూడదు.

ఎలుకలు, ఉడతలు చింతగింజల్ని వదలవు. మనది గుంటూరు కాబట్టి తాలు మిరపకాయకి కొదవ లేదు. తాలు పొడి కొంచెం కలిపితే నా అనుభవంలో తేడా కనపడింది. ఇది ఆఖర్న, కర్రతో కలపండి. పిల్లలు చుట్టే బంతుల్లో అసలు వద్దు, కళ్ళు మండుతాయి.

ముందు ఒక పది బంతులు చేసి ఆరనివ్వండి. నడుము ఎత్తు నుంచి వదిలితే పగలకూడదు. తర్వాత గ్లాసు నీళ్ళల్లో వేయండి. కాసేపటికి మెత్తబడి విడిపోవడం మొదలవ్వాలి. రాయిలా ఉండిపోతే బంక ఎక్కువైనట్టు, ఘనజీవామృతం పెంచండి. వేయగానే కరిగిపోతే బంక తక్కువైనట్టు.

పదివేల బంతులకి లెక్క

బంతి చిన్న ఉసిరికాయంత ఉంటే ఆరాక సుమారు 25 గ్రాములు తూగుతుంది. అంటే పదివేల బంతులకి 250 కేజీల పొడి మిశ్రమం కావాలి.

చింతగింజలు కేజీకి సుమారు 2,000 వస్తాయి, కానుగ సుమారు 1,000, వేప సుమారు 4,000, రేల 6,000 నుంచి 7,000, నల్లతుమ్మ 7,000 నుంచి 10,000. ఇవి అటూఇటూ అవుతాయి, మీరు వంద గింజలు తూచి లెక్క వేసుకోండి. వేప, తుమ్మ, రేల లాంటివి బంతికి రెండు పెట్టండి. చింత, కానుగ ఒకటే చాలు. ఉదాహరణకి 2,000 చింత బంతులకి కేజీ గింజ, 2,000 కానుగ బంతులకి రెండు కేజీలు, 4,000 వేప బంతులకి రెండు కేజీలు, 2,000 రేల బంతులకి అరకేజీ పైన చిల్లర. మొత్తం ఆరు కేజీల లోపు గింజ. చూశారా, గింజ పెద్ద ఖర్చు కాదు, మనుషుల ఓపికే కావాలి. నలుగురు కూర్చుంటే నాలుగు గంటల్లో సుమారు 1,500 చుడతారు.

ఒక బంతిలో నాలుగు రకాలు కలిపి పెట్టకండి. అన్నీ లేస్తే ఒకదాన్నొకటి తినేస్తాయి. ఒక బంతికి ఒకే జాతి, చల్లేటప్పుడు జాతులు కలిపి చల్లండి.

ఆరబెట్టడం, దాచడం

నీడలో, గాలి తగిలే చోట మూడు నాలుగు రోజులు. రోజుకోసారి తిప్పాలి. ఒక బంతి పగలగొట్టి చూస్తే లోపల కూడా పొడిగా ఉండాలి. గోనెసంచుల్లో, గంపల్లో, లేదా చిల్లులున్న ప్లాస్టిక్ ట్రేల్లో పోయండి. యూరియా సంచులు, ప్లాస్టిక్ కవర్లు వద్దు, లోపల చెమట పడుతుంది. ఆ కంపు నేను చూశాను, మీరు చూడక్కర్లేదు.

వేప, నేరేడు బంతులు దాచడానికి కాదు. వారం పది రోజుల్లో చల్లేయాలి. నిజానికి నేరేడుకి బంతే వద్దు, తిని ఊసిన గింజ ఆ రోజే కర్రతో పొడిచి నాటేయండి.

చల్లడం

మృగశిర వానకి తొందరపడొద్దు. నేల ఒకసారి బాగా తడిసి, రెండో వాన పడ్డాక, ఆరుద్ర, పునర్వసు కార్తెల్లో చల్లితే బాగుంటుంది. వేపగింజ కూడా సరిగ్గా అప్పుడే దొరుకుతుంది.

బంతి ఎక్కడ పడిందన్నది చాలా ముఖ్యం. చదునైన ఖాళీ నేల మీద పడ్డది మేకకి మేత. కంపపొదల మధ్యన, రాళ్ళ పక్కన, వాగు అంచున, గడ్డి దుబ్బు పక్కన వేయండి. ముళ్ళే దానికి కంచె, రాయి పక్కన తడి నిలుస్తుంది. నేను విసరడం మానేశాను. చంకన సంచి వేసుకుని చోటు చూసి పెట్టి, మడమతో కొంచెం నొక్కుతాను.

చేను గట్టు మీదైతే నీడ చూసుకోవాలి. మనకి ఏడాదిలో ఎక్కువ రోజులు సూర్యుడు దక్షిణంగా పోతాడు, నీడ ఉత్తరానికి పడుతుంది. ఉత్తరపు గట్టున చెట్టు పెడితే మన పత్తికి ఇబ్బంది లేదు, కానీ పక్క రైతు చేలో నీడ పడుతుంది. ముందే ఆయనతో మాట్లాడుకోండి. ఆయనకీ కషాయం కావాలి కదా. గట్టున పది అడుగులకో బంతి వేసి, బతికిన వాటిల్లో ముప్పై నలభై అడుగులకి ఒక చెట్టు ఉంచుకుంటే చాలు. కింది కొమ్మలు ఏటా కొట్టి ఆకు కషాయానికి, రొట్ట ఆచ్ఛాదనకి వాడుకుంటే నీడ బాధ కూడా తగ్గుతుంది. ఈ మాట మా నాన్నకి ఎవరైనా చెప్పి ఉంటే ఆ చెట్లు ఉండేవేమో.

కొండల మీద చల్లాలనుకుంటే అది రిజర్వు ఫారెస్టు అవునో కాదో కనుక్కుని, అటవీశాఖ వాళ్ళ అనుమతితోనే వెళ్ళండి. సర్కారు తుమ్మ, సుబాబుల్ గింజలు మాత్రం ఎక్కడా చల్లకండి. సుబాబుల్ కాగితం మిల్లుకి వేసుకునేవాళ్ళు తమ చేలో వేసుకోవచ్చు. బయట చల్లితే వేరే మొక్కని లేవనివ్వదు.

ఎన్ని బతుకుతాయి?

నిజం చెప్పాలి కదా. రెండో ఏడాది 5,000 బంతులు వేశాం. అందులో 200 చోట్ల కర్ర పుల్లలు గుర్తు పెట్టి లెక్క చూశాను. 83 చోట్ల మొలిచాయి. సంక్రాంతికి 41 ఉన్నాయి. ఎండాకాలం దాటి తొలకరి చూసినవి 17. ఎక్కువ పోయింది మేకలకి, ఆ తర్వాత ఎండుగడ్డికి ఎవరో అంటించిన నిప్పుకి. తెగుళ్ళకి పోయినవి పెద్దగా లేవు.

తక్కువ అనిపిస్తుంది. కానీ బతికిన పదిహేడింటికి నేను ఒక్క బిందె నీళ్ళు పోయలేదు. నర్సరీ కవర్లో పెరిగిన మొక్కకి తల్లివేరు అడుగున చుట్ట చుట్టుకుంటుంది. గింజ నుంచి అక్కడే లేచిన మొక్క పైన జానెడున్నా కింద వేరు అంతకన్నా లోతుకి పోయి ఉంటుంది. అందుకే తట్టుకుంటుంది.

అనంతపురం వైపు చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ వాళ్ళు, చుట్టుపక్కల ఊళ్ళ జనం కలిసి కల్పవల్లిలో వేల ఎకరాల బోడి గుట్టల్ని మళ్ళీ పచ్చగా చేశారు. అక్కడ ముఖ్యమైన పని నిప్పు పడకుండా కాపలా కాయడం, మేపుకి కట్టుబాటు పెట్టుకోవడం. మనకీ అదే వర్తిస్తుంది. మొదటి రెండేళ్ళు మేకల వాళ్ళతో మంచిగా మాట్లాడుకోండి, మాఘం దాటాక మొక్క చుట్టూ ఎండుగడ్డి కోసి మొదట్లోనే పరవండి. నిప్పుకి మేత ఉండదు, మొక్కకి ఆచ్ఛాదన అవుతుంది.

ఏడాది పని ఒక్కచోట

జనవరి నుంచి మార్చి: దిరిసెన, రేల, చింత, కానుగ ఏరి ఎండబెట్టడం.
ఏప్రిల్, మే: నల్లతుమ్మ, సీమచింత, మోదుగ ఏరడం. గట్టి గింజలకి పెంకు అరగదీయడం, పరీక్ష, బంతులు చుట్టడం.
జూన్, జులై: వేప, నేరేడు, ఇప్ప ఏరి వెంటనే వాడటం. రెండో వాన తర్వాత అన్నీ చల్లడం.
ఆగస్టు, సెప్టెంబరు: తాటి టెంకలు పూడ్చడం. మొలిచిన చోట పుల్ల గుర్తు పెట్టడం.
అక్టోబరు, నవంబరు: సీతాఫలం గింజలు దాచడం. మొక్క చుట్టూ కలుపు చూసుకోవడం.

మొన్న ఆదివారం పెద్దమ్మని ఆటోలో చేను దగ్గరకి తీసుకెళ్ళాను. గట్టున కంపలో మోకాలెత్తు వేపమొక్క చూపిస్తే, వంగి ఆకు ఒకటి తుంచి నమిలి, "చేదెక్కిందిలే, ఇక బతుకుద్ది" అంది. ఈ వేసవికి ఎన్ని బంతులు చుట్టాలో కూడా ఆవిడే చెప్పింది, పదివేలంట.

మీ ప్రాంతంలో ఏ చెట్లున్నాయో, ఏ గింజ ఎలా మొలిచిందో రాయండి. నేను పొరపాటుగా చెప్పింది ఉంటే అదీ చెప్పండి, సరిచేసుకుంటాను. ఉంటానండి.